సామర్లకోట తోట పోయింది, లాల్‌బాగ్ మిగిలింది

తెలుగు ఊళ్లలో బెంగళూరు వంకాయ అని అడిగి కొనుక్కునే కాయను బెంగళూరులో అదే పేరుతో అడిగితే బండివాడు ఒక్క క్షణం ఆగి మొహం చూస్తాడు. అక్కడ దాని పేరు సీమె బదనెకాయి. బదనెకాయి అంటే వంకాయ. సీమె అంటే మన సీమచింతలో, సీమతుమ్మలో ఉన్న సీమే, పరాయి దేశం అని. అంటే మనం బెంగళూరుదనుకునే కాయ బెంగళూరువాళ్ల లెక్కలో కూడా ఎక్కడినుంచో వచ్చిందే. మెక్సికో దాని పుట్టిల్లు. లోపల ఒకటే గింజ ఉంటుంది. ఆ గింజను విడదీసి నాటరు, కాయను కాయగానే మట్టిలో పెడతారు. వంటింటి బుట్టలో వారం పది రోజులు మరిచిపోతే కొనలోంచి మొలక తనంతట తానే బయటికొస్తుంది. ఇలాంటి కాయను ఎండు విత్తనాల్లా పొట్లం కట్టి ఓడెక్కించడం కుదరదు. ప్రాణంతో తేవాలి, తెచ్చాక మొదటి తీగ పాకేదాకా కనిపెట్టుకుని చూసే మనిషి ఉండాలి. దాన్ని బెంగళూరు మట్టికి అలవాటు చేసిన ఘనత లాల్‌బాగ్ సూపరింటెండెంటుగా పనిచేసిన జాన్ కామెరాన్‌కు ఇస్తారు.

లాల్‌బాగ్ అనగానే చాలామంది తెలుగువాళ్లకు గుర్తొచ్చేవి గాజు మేడ, పూల ప్రదర్శన, ఆ తర్వాత దగ్గర్లోని ఎంటీఆర్‌లో దోసె. నగరం నడిబొడ్డున 240 ఎకరాలు. చుట్టుపక్కల గజం ధర చూసినవాళ్లకు, ఇన్నాళ్లూ ఇది ఎవరి నోటా పడకుండా ఎలా మిగిలిందన్నదే పెద్ద వింత. హైదరాబాద్‌నే చూడండి. బషీర్‌బాగ్, జాంబాగ్, రామ్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, బాగ్‌అంబర్‌పేట: బాగులన్నీ బస్సు బోర్డుల మీద భద్రంగా ఉన్నాయి, తోటలే లేవు. మిగిలిన పెద్ద తోట బాగే ఆమ్‌లోనూ, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లోనూ, ఇప్పటి శాసనసభ భవనంతో మొదలుపెట్టి కట్టడం వెనక కట్టడం లేచి చెట్ల జాగా తగ్గుతూ వచ్చింది. అందంగా ఉందని తోటను ఎవరూ మిగల్చరు. లాల్‌బాగ్‌కు ప్రతి కాలంలోనూ ఏదో ఒక పని ఉంది. రాజుకు, ఈస్టిండియా కంపెనీకి, మైసూరు సంస్థానానికి, చివరికి ప్రభుత్వ శాఖకు అది పనికొస్తూ పోయింది. జనం వచ్చింది ఆ తర్వాతే.

మొదలుపెట్టింది హైదర్ అలీ, 1760లో, దాదాపు 40 ఎకరాల్లో. నమూనా సిరా పట్టణంలో మొగలు సుబేదార్లు వేయించిన తోట. ఢిల్లీ, లాహోర్, ముల్తాన్, ఆర్కాటుల నుంచి మొక్కలు తెప్పించాడంటారు. కొడుకు టిప్పు ఆ పిచ్చిని ఇంకా దూరం తీసుకెళ్లి పారశీకం, కాబూల్, మారిషస్ నుంచి విత్తనాలూ మొక్కలూ రప్పించాడు. టిప్పు చనిపోయిన మరుసటి ఏడాది, 1800లో, మైసూరు దేశాన్ని పరిశీలించడానికి కంపెనీ పంపిన ఫ్రాన్సిస్ బుకానన్ బెంగళూరు తోటల్ని చూసి రాసుకున్నాడు. చతురస్రాలుగా మడులు, మధ్యలో నడవలు, నడవల పక్కన సైప్రెస్ చెట్ల వరసలు. ఒక మడి నిండా గులాబీలే, ఇంకో మడి నిండా దానిమ్మలే, ఇలా రకానికో చెక్క. మడుల్లో పళ్ల చెట్లతో పాటు వంటకు వాడే ఆకుకూరలు కూడా ఉన్నాయి. ఇది గమనించదగ్గ సంగతి. రాజుగారి విహారానికని మనం అనుకునే తోట, రాజుగారి వంటశాలకు కూడా పెట్టేది.

అప్పటికి బెంగళూరు చుట్టూ తోటపని చేసిన కులాల్లో తిగళులు ముఖ్యులు. తమిళ మూలాలున్నవాళ్లు. హైదర్, టిప్పుల కాలంలో తోటల కోసమే వచ్చి స్థిరపడ్డారని ఒక కథ, అంతకు ముందునుంచే ఉన్నారని మరో వాదం. ఏది నిజమైనా, చైత్ర పౌర్ణమికి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరే కరగ ఊరేగింపులో కలశాన్ని మోసేది వాళ్లే. ఊరికి పూలూ ఆకుకూరలూ పండించిందీ వాళ్లే. లాల్‌బాగ్ చరిత్ర అనగానే హైదర్ నుంచి కామెరాన్‌కూ, కామెరాన్ నుంచి ఆయన తర్వాత వచ్చిన జర్మన్ క్రుంబీగల్‌కూ దూకుతారు. పాదులు తీసిన చేతుల పేర్లు ఏ ఫలకం మీదా కనపడవు.

1799 తర్వాత తోట కంపెనీ చేతికొచ్చింది. ఇక్కడే కథలోకి ఇప్పటి కాకినాడ జిల్లా వస్తుంది.

సామర్లకోటలో కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా ఉన్నాడు. ఆయన అక్కడ తోట పెంచి మిరియాలు, కాఫీ, నీలిమందు, పట్టుపురుగుల కోసం మల్బరీ, ఇలా అమ్ముడయ్యే ప్రతి మొక్కనూ పెంచి చూశాడు. రోజుకు మూడుసార్లు గాలి ఒత్తిడీ ఉష్ణోగ్రతా రాసిపెట్టాడు. స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు వందల్లో గీయించాడు, తెలుగు పేర్లు అడిగి పక్కన చేర్చాడు. 1793లో ఆయన కలకత్తా తోటకు వెళ్లిపోయాక సామర్లకోటను చూసుకున్నవాడు బెంజమిన్ హైనె అనే జర్మన్. టిప్పు ఓడిపోగానే గవర్నర్ జనరల్ వెలస్లీకి బెంగళూరులో ఖాళీగా పడున్న రాజతోట కనిపించింది. దేశం నలుమూలల నుంచి వచ్చే పనికొచ్చే మొక్కలన్నిటినీ అక్కడ దాచి పెంచాలని ఆదేశించి హైనెను అక్కడికి పంపాడు. కాలిన్ మెకంజీ మైసూరు సర్వేలో మొక్కల పని కూడా హైనెదే. మెకంజీ దగ్గర ఊరూరా కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించిన కావలి బొర్రయ్య బృందం తిరిగిందీ ఆ రోజుల్లోనే.

కంపెనీ ఎందుకిలా చేసిందో ఊహించడం కష్టమేమీ కాదు. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో సామర్లకోట పొయ్యిలా కాలుతున్నప్పుడు అక్కడ రాత్రిళ్లు దుప్పటి కావాలి. చలిదేశపు మొక్కా పూర్తిగా చావదు, వేడిదేశపు మొక్కా పూర్తిగా చావదు. పరాయి మొక్కను ఈ దేశానికి అలవాటు చేయాలంటే అలాంటి నడిమి చోటు కావాలి. సామర్లకోట తోట ఒక్క మనిషి శ్రద్ధ మీద నిలబడింది. ఆ మనిషి కలకత్తాకు, తర్వాతివాడు బెంగళూరుకు వెళ్లేసరికి దాని పని అయిపోయింది. ఈనాడు సామర్లకోట జంక్షన్లో రైలు మారేవాళ్లలో ఆ ఊళ్లో ఒకప్పుడు వృక్షశాస్త్రానికి పెద్ద కేంద్రం ఉండేదని ఎంతమందికి తెలుసు?

లాల్‌బాగ్‌కు కూడా ఆ గతి పట్టే ప్రమాదం ఒకటికి రెండుసార్లు వచ్చింది. హైనె తర్వాత అది సైనికుల జీతాలు చూసే అధికారి గిల్బర్ట్ వా చేతికి పోయింది. తోట మీద మమకారం ఉన్న మనిషే గానీ, ఒక ఉద్యోగి సొంత తోటగా ఎన్నాళ్లు నడుస్తుంది? 1819లో ఆయన దాన్ని తిరిగి కంపెనీకి అప్పగించాడు. తర్వాత కలకత్తా తోట అజమాయిషీ కింద కొన్నేళ్లు, 1836 నుంచి 1842 దాకా ఒక వ్యవసాయ ఉద్యాన సంఘం కింద కొన్నేళ్లు. సంఘం మూతపడ్డాక మళ్లీ దిక్కులేని తోటే. 1856లో మైసూరు ప్రభుత్వం దాన్ని తన ఉద్యానవనంగా ప్రకటించడం, 1858లో లండన్ క్యూ తోటలో తర్ఫీదైన విలియం న్యూ రావడం దాని అసలు పునర్జన్మ. అప్పటి నుంచి జీతం తీసుకుని తోటకు జవాబుదారీగా ఉండే మనిషి ఒకడు ఎప్పుడూ ఉన్నాడు. చూడ్డానికి చిన్న విషయం. సామర్లకోటకు దక్కనిది అదే.

కామెరాన్ 1870ల్లో వచ్చి 1900ల దాకా ఉన్నాడు. 1874లో 45 ఎకరాలున్న తోట 1894 నాటికి దాదాపు 188 ఎకరాలైంది. ఇంత భూమి ఊరికే పెరగదు. ప్రతి విడతకూ ఏదో ఒక ప్రయోజనం చూపించి సంస్థానాన్ని ఒప్పించాలి. చూపించడానికి ఆయన దగ్గర సరుకుంది. ఆ రోజుల్లో విత్తనాలు పొట్లాల్లోనూ, లేత మొక్కలు గాజు పలకలు బిగించిన చెక్క పెట్టెల్లోనూ ఓడల మీద వచ్చేవి. ఆ పెట్టె మూత తీసే రోజుకు సగం మొక్కలు చచ్చి ఉంటాయి. బతికినవాటిని ముందు నీడ పందిళ్ల కింద ఉంచి, మెల్లగా ఎండ చూపించి, మొదటి పూత వచ్చేదాకా ఆగి, అప్పుడు కొమ్మలు కత్తిరించి అంట్లు కట్టి బయటి రైతులకు ఇవ్వాలి. ఏళ్లు పట్టే పని. అన్నీ ఫలించలేదు. రబ్బరు మీద పెట్టుకున్న ఆశ నెరవేరలేదు. యాపిల్ కొన్నాళ్లు బాగానే కాసింది. బెంగళూరు యాపిల్ అంటే ఇప్పుడు ఫోనే గుర్తొస్తుంది గానీ, ఒకప్పుడు ఆ ఊళ్లో నిజంగానే యాపిల్ తోటలుండేవి. అన్నిటికన్నా గట్టిగా నాటుకున్నది, ఎవరూ గొప్పగా చెప్పుకోని సీమె బదనెకాయి. ఇవాళ దక్షిణాది సాంబార్లో, రోటి పచ్చడిలో దానికి పాస్‌పోర్టు అడిగేవాళ్లు లేరు.

గాజు మేడ కూడా ఈ పనిలో భాగమే. 1889 నవంబర్ 30న విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ దానికి శంకుస్థాపన చేశాడు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ నమూనా, గ్లాస్గోలో పోత పోసిన ఇనుము. ఓడల్లో వచ్చిన ముక్కల్ని ఇక్కడ బిగించారు. చలిదేశాల్లో గాజిల్లు వెచ్చదనం కోసం కడతారు. బెంగళూరులో ఆ అవసరం లేదు. ఇక్కడ దాని అసలు ఉపయోగం మొదటినుంచీ ప్రదర్శన: పండిన కూరగాయలూ పూసిన పూలూ నలుగురికీ చూపించడం, బహుమతులివ్వడం, తోటమాలుల మధ్యా దొరల మధ్యా పోటీ పెంచడం. దగ్గర్లో బ్యాండ్ వాయించే మంటపం ఉండేది. పులి, ఎలుగుబంటి లాంటి జంతువులతో చిన్న జూ కూడా ఉండేది. జూ పోయింది, పావురాల గూడు మాత్రం మిగిలింది. పిల్లలు దాన్ని చూసి ఇదేంటని అడిగితే పెద్దవాళ్లు నీళ్ల ట్యాంకు అని చెప్పేసి ముందుకు నడుస్తారు.

అప్పట్లో ఈ ప్రదర్శనలకు వచ్చే జనం ఎవరన్నది మరో ప్రశ్న. కంటోన్మెంట్ దొరలూ దొరసానులూ, మైసూరు ఉద్యోగులూ, ఊళ్లోని పెద్ద వర్తకులూ. తిగళ తోటమాలి గాజు మేడలోకి వచ్చేది కుండీ మోసుకునే. అయినా కూరగాయల పోటీలో బహుమతి కాయను పండించింది అతనేనన్నది ఆ ఏర్పాటులోని తిరకాసు.

1908లో వచ్చిన గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్ తోటను గోడ దాటించి ఊళ్లోకి తెచ్చాడు. జర్మనీలో పుట్టి, క్యూ తోటలో నేర్చుకుని, బరోడా గైక్వాడ్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. బెంగళూరు వీధుల్లో ఒక చెట్టు పూత రాలేసరికి ఇంకో చెట్టు పూతకు రావాలన్న లెక్కతో చెట్ల వరసలు వేయించాడని ఆయనకు పేరు. జనవరి నుంచి మే దాకా ఆ ఊళ్లో గులాబీ, పసుపు, ఊదా, ఎరుపు రంగులు వంతులవారీగా దిగుతుంటే ఆ పేరు అబద్ధమనిపించదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్‌వాళ్లు శత్రుదేశపు మనిషని ఆయన్ను నిర్బంధించారు. రెండుసార్లూ తిరిగొచ్చాడు, 1956లో బెంగళూరులోనే పోయాడు. తోట బాధ్యత ఆయన తర్వాత జవరాయకు, తర్వాతి కాలంలో మరిగౌడకు వచ్చింది.

మరిగౌడ దగ్గర కాస్త ఆగాలి. స్వాతంత్ర్యం తర్వాత సంస్థానాలు పోయాయి, రాజతోటలకు దిక్కెవరన్న ప్రశ్న వచ్చింది. చాలా ఊళ్లలో అలాంటి తోటలు ఏదో ఒక మునిసిపాలిటీకో, ప్రజాపనుల శాఖకో వెళ్లి, గేటూ బెంచీలూ సిమెంటు ఏనుగూ ఉన్న పార్కులుగా మిగిలాయి. మరిగౌడ అలా కానివ్వలేదు. లాల్‌బాగ్‌ను ఒక శాఖకే కేంద్రం చేశాడు. 1963లో కర్ణాటకలో ఉద్యాన శాఖ వేరుగా ఏర్పడింది, దాని ఆఫీసు తోటలోనే. అక్కడి నుంచి జిల్లాలకు నర్సరీలు, ఉద్యాన క్షేత్రాలు, అంట్లు, తోటమాలులకు శిక్షణ. కోలారు, చిక్కబళ్లాపురం వైపు మామిడి, ద్రాక్ష, కూరగాయల సాగు ఇంతగా పెరగడం వెనక ఆ శాఖ చెయ్యి ఉంది. ఆ వైపు పొలాల్లో రైతులు మాట్లాడే భాష చాలాచోట్ల తెలుగే. ఒక శాఖ ఊపిరి అక్కడే ఉన్నప్పుడు ఆ భూమిని కదపాలంటే ముందు ఆ శాఖను కదపాలి. ఫైలు అంత తేలిగ్గా నడవదు.

తోటలో మనుషులు నాటనిది ఒకటుంది, గుట్ట. మెయిన్ గేటు దాటి నడిస్తే చెట్లు విడిపోయి ఒక్కసారిగా బోడి బండ ఎదురవుతుంది. పైన చిన్న గోపురం, ఊరిని కట్టిన కెంపేగౌడల వంశం పొలిమేర గుర్తుగా నిలిపిందని చెప్పే నాలుగు గోపురాల్లో ఇదొకటి. బండ మీద కూర్చున్న జనంలో చాలామంది గోపురంతో ఫొటో దిగుతారు, కింద ఉన్న రాయిని పట్టించుకోరు. బూడిదరంగు చారలు, మధ్యలో తెల్లని చారలు, అక్కడక్కడా గులాబీ నరాలు, పిండిని చేత్తో మెలితిప్పి వదిలేసినట్టు వంపులు తిరిగి ఉంటాయి. వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. దక్షిణ భారతంలో విస్తారంగా పరుచుకున్న ఈ రాతి రకానికి పెనిన్సులర్ నైస్ అన్న పేరును 1916లో పెట్టింది మైసూరు భూగర్భ శాఖకు చెందిన స్మీత్. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆ గుట్టను జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. హైదరాబాద్‌లో ఇంతకన్నా గొప్ప ఆకారాలున్న బండల్ని కంకరగా కొట్టి అమ్ముకున్న సంగతి తెలిసినవాళ్లకు, నగరం మధ్యలో బండ ఒకటి ఊరికే కూర్చుని ఉండటం చూస్తే కాస్త అసూయే కలుగుతుంది. సాయంత్రం ఐదున్నరకు దాని మీద ఎండ వేడి ఇంకా ఉంటుంది. చెప్పులు విప్పి కూర్చున్న పిల్లలు పాదాలు ఎత్తి ఎత్తి పెడుతుంటారు.

పొద్దున ఆరింటికి ఇంకో లోకం. నడకకు వచ్చేవాళ్లకు ఆ వేళ టికెట్ లేదు. గేటు బయట గరిక రసం, రాగి అంబలి అమ్మే బళ్లు. లోపల ఒక చెట్టు కింద నవ్వుల క్లబ్బు, ఇంకో చెట్టు కింద భజన, కాస్త దూరంలో పక్షుల్ని చూసే కుర్రాళ్లు. కన్నడం, తమిళం, తెలుగు, ఉర్దూ, ఒకే బెంచీ మీద రెండు మూడు భాషలు వినిపిస్తాయి. రిటైరైనవాళ్లకు ఆ బెంచీ ఆఫీసులాంటిది. ఒకరు నాలుగు రోజులు రాకపోతే మిగతావాళ్లు ఇంటికి ఫోన్ చేస్తారు. ఒంటరి ముసలితనం పెరుగుతున్న నగరంలో ఇది ఏ పథకంలోనూ కనపడని సేవ. పొద్దెక్కేకొద్దీ ఈ గుంపు పలచబడి, టికెట్ కొన్న యాత్రికులు, కాలేజీ పిల్లలు, ఎక్కడా కూర్చునే చోటు దొరకని జంటలు వస్తారు. జంటల మీద ఈల వేసే కాపలా మన దేశంలో అన్ని పార్కుల్లోనూ ఉన్నదే. నగరంలో డబ్బు ఖర్చు పెట్టకుండా ఇద్దరు మనుషులు గంటసేపు మాట్లాడుకోగల చోట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఆ ఈల ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

టికెట్ గురించి కూడా ఒక మాట. తోట నిర్వహణకు డబ్బు కావాలన్నది నిజం. కానీ పొద్దున నడిచేవాడికి ఉచితం, మధ్యాహ్నం పిల్లల్ని తీసుకొచ్చే కూలి కుటుంబానికి తలా ఒక టికెట్ అన్న లెక్కలో, ఎవరి తీరిక వేళను ప్రభుత్వం మన్నిస్తోందో కనిపిస్తూనే ఉంది. నడకవాళ్లకు సంఘాలున్నాయి, అడిగే నోరుంది. ఆదివారం ఒక్కపూట వచ్చేవాళ్లకు అది లేదు.

ఏడాదికి రెండుసార్లు, గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ, గాజు మేడలో పూల ప్రదర్శన జరుగుతుంది. మైసూరు ఉద్యాన సంఘమూ శాఖా కలిసి నడిపే ఈ ప్రదర్శనల సంఖ్య ఇప్పటికే 200 దాటింది. హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి పొద్దున బస్సో రైలో ఎక్కి చూసొచ్చే కుటుంబాలున్నాయి. లక్షలమంది వస్తారు. ఏ పూలతో ఏ బొమ్మ కట్టారన్నదే ఆ వారం ఊళ్లో కబురు. కోవిడ్ వల్ల ఆగిన ప్రదర్శన 2022 ఆగస్టులో మళ్లీ మొదలైనప్పుడు ఇతివృత్తం రాజ్‌కుమార్, పునీత్ రాజ్‌కుమార్. పునీత్ పోయి ఏడాది కూడా కాలేదు. జనం పూల కన్నా ఎక్కువగా ఆ మనిషిని చూడ్డానికే వచ్చారు. 2024 ఆగస్టులో అంబేడ్కర్, 2025 జనవరిలో వాల్మీకి. ఇతివృత్తాల వరసను చూస్తే కర్ణాటక రాజకీయం ఎటు నడుస్తోందో కూడా చదువుకోవచ్చు. పూలతో కట్టిన బొమ్మ పది రోజుల్లో వాడిపోతుంది గనక ఎవరికీ పెద్ద అభ్యంతరం ఉండదు. కాంస్య విగ్రహమైతే ఇన్ని పేర్లకు చోటు దొరికేది కాదు.

ఇక కాపలా సంగతి. 1975లో కర్ణాటక ప్రభుత్వ ఉద్యానాల సంరక్షణ చట్టం వచ్చింది. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు భూమిని అమ్మకుండా, లీజుకివ్వకుండా, దానం చేయకుండా కట్టడి చేసింది. చట్టం ఉన్న తోటకు ఏమీ కాదనుకుంటే పొరపాటే. మెట్రో గ్రీన్ లైను దారి లాల్‌బాగ్ అంచును తాకింది. అప్పుడు ప్రభుత్వం చట్టాన్నే సవరించి వెయ్యి చదరపు మీటర్ల పైచిలుకు స్థలాన్ని సంరక్షణ నుంచి తప్పించింది. 2009లో ప్రహరీ కూల్చి చెట్లు కొడుతుంటే అడ్డం నిలబడ్డవాళ్లను పోలీసులు తీసుకెళ్లారు. 240 ఎకరాల్లో అదెంత అనొచ్చు. మెట్రో కూడా జనం కోసమే కదా అనొచ్చు. లాల్‌బాగ్ పేరుతోనే స్టేషను వచ్చింది, కారు లేనివాళ్లకు తోట దగ్గరైంది. ఆ వాదనలో బలముంది. కానీ తోట చిన్న ముక్కగా పోయిన ప్రతిసారీ చెప్పే కారణం జనం కోసమేనన్నది కూడా గుర్తుంచుకోవాల్సిన విషయమే. హైదరాబాద్ బాగులు కూడా ఒక్కరోజులో పోలేదు.

2025లో సొరంగం వచ్చింది. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా దాదాపు 17 కిలోమీటర్ల సొరంగ రోడ్డు వేయాలని ప్రభుత్వ ఆలోచన. కార్లు లోపలికి దిగడానికి, పైకి రావడానికి తొలి ప్రణాళికలో లాల్‌బాగ్ అంచున ఆరెకరాల మాట వినిపించింది. భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు 300 కోట్ల ఏళ్ల బండ గురించి అడిగారు. చెట్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు వేళ్ల గురించి, నీటి గురించి అడిగారు. అక్టోబర్‌లో ఉప ముఖ్యమంత్రి స్వయంగా తోటకు వచ్చి నడకవాళ్లతో మాట్లాడాడు. తర్వాత అంత భూమి అక్కర్లేదనీ మార్పులు చేస్తామనీ ప్రభుత్వం చెప్పింది. ఇక్కడ ఒక తేడా చూడాలి. 2009లో గోడ దగ్గర నిలబడ్డవాళ్లు కొద్దిమంది కార్యకర్తలు. 2025లో ప్రభుత్వమే పొద్దున్నే బూట్లు కట్టుకుని బెంచీల దగ్గరికి రావాల్సి వచ్చింది. రిటైరైన ఇంజనీరు, రిటైరైన ఐఏఎస్, వాళ్ల పక్కనే అంబలి తాగే కిరాణా కొట్టాయన, వీళ్లందరూ రోజూ ఒకే చోట కలిసే అలవాటు ఉండటం వల్లే ఆ మాట అంత తొందరగా పాకింది. మంచి మాట. కాకపోతే వాళ్లలో చాలామంది కారులోనే లాల్‌బాగ్‌కు వస్తారన్నది, సొరంగం అడిగేది కూడా కార్లేనన్నది ఆ సభల్లో ఎవరూ ఎత్తని సంగతి.

ఈ గొడవలన్నీ గోడ పక్కన జరుగుతుండగా లోపల తోటమాలులకు వేరే క్యాలెండర్ ఉంది. జనవరి ప్రదర్శన అయిపోగానే గాజు మేడలోంచి కుండీలు బళ్ల మీద నర్సరీకి తిరిగి వెళ్తాయి. వాడిన మొక్కల్ని పీకి మట్టిని కుప్పపోసి ఎండబెడతారు, పేడ ఎరువు కలిపి జల్లెడ పడతారు, కుండీలు కడిగి బోర్లిస్తారు. ఒక్కో రకం పూయడానికి ఎన్ని వారాలు పడుతుందో ఆగస్టు 15 నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఎండాకాలం పోకముందే మళ్లీ విత్తనం చల్లుతారు.